చెరువుకు చేరు వాన నీరు – ఊరుమ్మడి బాధ్యత

మృగశిర కార్తెలో మొదటి పెద్దవాన కురిసిన మరునాడు మీ ఊరి చెరువు నీటిని ఒక గాజు గ్లాసుతో ముంచి చూడండి. ఎర్రనేలల ప్రాంతమైనచో ఆ నీరు ఇటుకపొడి కలిపినట్లుండును. రేగడి ప్రాంతమైనచో బూడిద కలిపినట్లుండును. కొత్తనీరు వచ్చినదని మనమందరము సంతోషింతుము. సంతోషింపదగినదే. కాని ఆకాశము నుండి పడిన చినుకునకు రంగు లేదు. మరి ఈ రంగు ఎక్కడిది? అది ఎగువ పొలముల రంగు. ఆ నీటిలో మన పొలములోని మన్ను, మనము కొని చల్లిన ఎరువు, మనము పిచికారి చేసిన మందు, మన వీధిలోని పేడ, మురుగు అన్నియు కలిసియున్నవి.

చెరువులో చేరిన తరువాత ఈ మాలిన్యమును తీయుట కష్టము, ఖర్చుతో కూడిన పని. అది బయలుదేరిన చోటనే ఆపుట సులభము. అయితే బయలుదేరు చోట్లు ఒకటి రెండు కావు. ప్రతి పొలము, ప్రతి దొడ్డి, ప్రతి వీధి అందులో చేరును. కావున ఇది ఒక రైతు తన పొలములో ఒంటరిగా చేసి ముగించు పని కాదు. ఊరంతయు కలిసి చేయవలసిన పని. ఊరంతయు కలియవలెనన్నచో, పని చేయువానికి అందులో తన వంతు లాభము కనపడవలెను. ఈ పాఠములో ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

వాన లెక్క

ముందుగా ఒక చిన్న లెక్క చూతము. ఒక ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఆ నీరు సుమారు 4 వేల లీటర్లు. ఒక అంగుళము, అనగా 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఎకరమునకు లక్ష లీటర్లు పడినట్లు. అందులో నాలుగవ వంతు మాత్రమే ఇంకక పైపైన పారినదనుకొన్నను, ఒక్క వానకు ఒక్క ఎకరము నుండి 25 వేల లీటర్ల నీరు దిగువకు పోవును. చెరువు ఎగువన 200 ఎకరములున్నచో 50 లక్షల లీటర్లు.

ఇక మన్ను లెక్క. ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు మందమున మన్ను కొట్టుకొనిపోయినచో అది 4 ఘనపు మీటర్లు. తూకములో 5 టన్నులకు పైమాట. ఎడ్లబండ్లతో తోలినచో పది బండ్ల మన్ను. ఒక మిల్లీమీటరు తరుగు కంటికి ఆనదు. గట్టుపై నిలుచుండి చూచిన రైతునకు తన పొలము నిన్నటివలెనే కనపడును. కాని పోయిన మన్ను సామాన్యమైనది కాదు. పశువుల ఎరువు, సేంద్రియ పదార్థము, మనము వేసిన భాస్వరము ఎక్కువగా నిలిచియుండునది ఆ పై పొరలోనే. అందువలన వాన మొదట తీసికొనిపోవునది పొలములోని వెన్న. మనకు మిగులునది మజ్జిగ.

నీటితో ఏమేమి వచ్చును?

వాన నీటిలో కొట్టుకొనివచ్చు మాలిన్యములను నాలుగు రకములుగా చెప్పుకొనవచ్చును.

మొదటిది మన్ను. ఇది చెరువు అడుగున పూడికగా చేరును. పూడిక పెరిగిన కొలది చెరువులో నిలుచు నీరు తగ్గును. ఆయకట్టు చివరి మళ్ళకు తడి అందదు. నీరు బురదగా ఉన్నచో సూర్యరశ్మి లోపలికి పోదు. చేపల గ్రుడ్లపై ఒండ్రు కప్పి అవి చెడిపోవును.

రెండవది ఎరువు. భాస్వరము మట్టి రేణువులను అంటిపెట్టుకొనియుండును. కావున మన్నుతో పాటు ప్రయాణము చేయును. నత్రజని నైట్రేటు రూపములో నీటిలో కరగి పోవును. ఒక బస్తా డి.ఎ.పి.లో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరపు ఎరువు ఉండును. దానిని నేల పైపైన చల్లి వదలిన మరునాడే పెద్దవాన కురిసినచో, అందులో కొంత భాగము పైరునకు కాక చెరువులోని పాచికి తిండి యగును. ఒక కిలో భాస్వరము కొన్ని వందల కిలోల పచ్చి పాచి పెరుగుటకు చాలును. గుర్రపుడెక్క అలుముకొనుటకు కూడ ఈ ఎరువులే మూలము. పాచి చచ్చి కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువును హరించివేయును. తెల్లవారుజామున చేపలు నీటిపైకి తేలి నోళ్ళు తెరచుట మీలో కొందరు చూచియుందురు. రాత్రియంతయు ప్రాణవాయువు ఖర్చగుచు తెల్లవారు వేళకు మిక్కిలి తగ్గిపోవుటయే దానికి కారణము. నైట్రేటు బావులలోనికి కూడ ఇంకును. త్రాగు నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని మన దేశపు ప్రమాణము. మించినచో పసిపిల్లలకు ప్రమాదము.

మూడవది పురుగు మందులు, కలుపు మందులు. ఇవి కొంత నీటిలో కరగి, కొంత మట్టిని అంటుకొని వచ్చును. పొలములో చల్లిన దానికంటె, కాలువ గట్టున మందు కలుపునపుడు ఒలికినది, పిచికారి డబ్బాను వాగులో కడిగినది, ఖాళీ సీసాను గట్టున పారవేసినది తరచుగా ఎక్కువ కీడు చేయును. ఏలననగా పొలములో మందు ఎకరమంతట పలుచగా పరచుకొనును. గట్టున ఒలికినది ఒక్కచోట చిక్కగా నిలిచి మొదటి వానకే నీటిలో చేరును.

నాలుగవది ఊరి మురుగు. పెంటదిబ్బల ఊట, పశువుల దొడ్డి కడుగు నీరు, వీధి చెత్త, ప్లాస్టిక్ సంచులు, బహిరంగ మలము అన్నియు ఇందులో చేరును. విరేచనములు, కామెర్లు, టైఫాయిడు వంటి రోగములకు ఇది దారి తీయును. పశువులు కూడ ఈ నీటినే త్రాగును గదా.

ఎండాకాలమంతయు పేరుకొనిన మురికి మొదటి వానలతోనే కదలును. అందువలన తొలకరి ప్రవాహములో, అందునను మొదటి భాగములో, మాలిన్యము చిక్కగా ఉండును. శ్రావణ భాద్రపదములలో పారు నీరు దానికంటె తేటగా ఉండుటకు కారణమిదే. కావున మన జాగ్రత్తలన్నియు తొలకరికి ముందే పూర్తి కావలెను. వాన వచ్చిన తరువాత చేయునది సగము పని మాత్రమే.

ఎక్కడ ఆపవలెను?

మన్ను ఎక్కడ ఆగునో తెలిసికొనుటకు రేణువుల సంగతి కొంచెము తెలియవలెను. నిలకడగా ఉన్న ఒక అడుగు లోతు నీటిలో సన్న ఇసుక రేణువు ఒక నిమిషము లోపలనే అడుగునకు చేరును. అదే లోతు దిగుటకు సన్నని బంకమట్టి రేణువునకు దాదాపు ఒక పగలు, ఒక రాత్రి పట్టును. పారు నీటిలో అంత తీరిక దానికి దొరకదు. కావున కాలువలో ఒక గుంట త్రవ్వినచో అందులో ఇసుక, చెత్త ఆగును గాని బంకమట్టి ఆగదు. ఎరువును, మందును ఎక్కువగా మోయునది ఆ బంకమట్టియే.

దీనిని బట్టి మూడు మెట్ల పద్ధతి అవసరమని తెలియుచున్నది. బంకమట్టిని పొలములోనే కదలకుండ పట్టుకొనవలెను. ఇది మొదటి మెట్టు. పొలము దాటిన నీటిని గడ్డిపట్టీల గుండ నెమ్మదిగా నడిపించవలెను. ఇది రెండవ మెట్టు. మిగిలిన ఇసుకను, చెత్తను చెరువునకు ముందు గుంటలో దింపవలెను. ఇది మూడవ మెట్టు. మొదటి రెండు మెట్లు లేక మూడవది మాత్రమే కట్టినచో, గుంట రెండు వానలకే నిండును. చెరువు నీరు ఎప్పటివలెనే ఎర్రగా ఉండును.

ఒంటరిగా ఎందుకు సాధ్యపడదు?

మన ప్రాంతములో చెరువులు చాలవరకు గొలుసుకట్టుగా ఉన్నవి. పై చెరువు మత్తడి దుమికిన నీరు క్రింది చెరువులో చేరును. రామప్ప, పాఖాల వంటి 13వ శతాబ్దపు కాకతీయుల చెరువులు మొదలు చిన్న కుంటల వరకు మన పూర్వులు ఈ తీరుగనే నీటిని నిలిపిరి. గొలుసులో పైనున్న ఊరు విడిచిన మురికి క్రింది ఊరి పశువులు త్రాగు నీరగును. ఇదే సంగతి పెద్ద ఎత్తున చూడవలెనన్నచో కొల్లేరును చూడండి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న ఈ సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మున్నగు వాగులు నీరు తెచ్చును. ఉప్పుటేరు దానిని సముద్రమునకు కొనిపోవును. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సులోనికి ఎగువ పట్టణముల మురుగు, పొలముల ఎరువులు, చేపల చెరువుల వ్యర్థ జలము చేరుచు వచ్చినవి. వాటిని అక్కడికి పంపిన వారిలో ఏ ఒక్కరును కొల్లేరును చెరుపవలెనని తలచలేదు. ఎవరి వాకిలి నీరు వారు వదలిరి, అంతే.

చెరువు పూడిక తీయుటకు మన ప్రాంతములో పెద్ద ప్రయత్నములే జరిగినవి. 2015లో తెలంగాణలో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమము సుమారు 46 వేల చెరువులను, కుంటలను బాగుచేయుటకు తలపెట్టబడినది. తీసిన ఒండ్రును రైతులు తమ పొలములకు తోలుకొనిరి. ఇది మంచి పనియే. పోయిన మన్ను తిరిగి పొలమునకు చేరినది. కాని తోలిన మన్ను నిలుచుటకు పొలమునకు గట్టు లేనిచో ఏమగును? కొన్ని వానలలో అది తిరిగి చెరువునకే చేరును. ఒక చేత్తో ఎత్తిపోయుచు మరొక చేత్తో నింపినట్లగును.

ఇందులో మరొక చిక్కు కలదు. చెరువు క్రింద వరి పండించు రైతు వేరు. చెరువు ఎగువన మెట్ట సేద్యము చేయు రైతు వేరు. ఎగువ రైతు గట్టు వేసినచో చెరువు బాగుపడును, దిగువ రైతు లాభపడును. ఎగువ రైతునకు గట్టు క్రింద కొంత నేల పోవును, కూలి ఖర్చగును. చెరువు నీటి చుక్క అతని పొలమునకు రాదు. మేకలు మేపుకొని బ్రతుకు భూమి లేని కుటుంబమునకు గుట్టపై మేపు మానుమన్నచో పూట గడవదు. ఇట్టి వారికి నీతులు చెప్పిన లాభము లేదు. ఊరి బాగు వారి బాగు కూడ అగునట్లు ఏర్పాటు చేయవలెను.

సుఖోమాజ్రి నేర్పిన పాఠము

హర్యానా రాష్ట్రములో చండీగఢ్‌కు దగ్గరగా శివాలిక్ కొండల క్రింద సుఖోమాజ్రి అను చిన్న గ్రామము కలదు. చండీగఢ్ నగరమునకు 1958లో కట్టిన సుఖ్నా సరస్సు కొద్ది సంవత్సరములలోనే పూడిపోసాగెను. ఆ మన్ను ఎక్కడినుండి వచ్చుచున్నదని పి.ఆర్. మిశ్రా నాయకత్వమున భూసార సంరక్షణ శాస్త్రజ్ఞులు వెదకగా, చాల భాగము సుఖోమాజ్రి చుట్టునున్న బోడి కొండలనుండి వచ్చుచున్నట్లు తేలినది. ఊరి మేకలు, పశువులు ఆ కొండలపై మేసి గడ్డి లేకుండ చేసినవి.

మేపు మానుడని చెప్పిన మాట ఎవరి చెవికి ఎక్కలేదు. నగరపు సరస్సు పూడినచో ఊరివారికేమి నష్టము? అప్పుడు 1976 నుండి ఊరి ఎగువన చిన్న మట్టి కట్టలు కట్టి, నిలిచిన వాన నీటిని ఊరి పొలములకే ఇచ్చుట మొదలుపెట్టిరి. అంతట ఊరివారికి సంగతి కంటికి కట్టినది. కొండపై మేకలు తిరిగినచో తమ కట్ట వెనుకనే మన్ను పూడును. అయితే నీరు మొదట కొందరి పొలములకే పారినది. నీరు రానివారు మేము మేపు ఎందుకు మానవలెనని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి ఊరు ఇచ్చిన సమాధానము మనము గుర్తుంచుకొనదగినది. భూమి ఉన్నను లేకున్నను ప్రతి ఇంటికిని నీటిలో సమాన వాటా ఇచ్చిరి. భూమి లేనివాడు తన వాటాను మరొకనికి ఇచ్చి ప్రతిఫలము పొందవచ్చును. అప్పుడు కంచె వేయకయే, కావలివాడు లేకయే, ఊరు తనంతట తాను కొండలపై మేపు మానినది. మేకలు తగ్గి పాడి గేదెలు పెరిగినవి. కొండలపై గడ్డి లేచినది. సరస్సునకు వచ్చు మన్ను గణనీయముగా తగ్గినది.

మనకు దగ్గరగా రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలములోని కొత్తపల్లి గ్రామము మరొక ఉదాహరణ. 1999 నుండి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు ఊరివారి సంఘముతో కలిసి అక్కడ వాన నీటి సంరక్షణ చేపట్టిరి. పొలములలో గట్లు, వెడల్పాటి మడులు, వాగులలో చిన్న అడ్డుకట్టలు వెలసినవి. గట్లపై గ్లైరిసిడియా నాటిరి. దాని వేళ్ళు గట్టును పట్టుకొనును, ఆకు పచ్చి ఎరువగును. మహిళా సంఘములవారు వయ్యారిభామ కలుపును కూడ వానపాముల ఎరువుగా మార్చి ఆదాయము పొందిరి. చూడండి, ఇక్కడ కూడ పనితో పాటు ప్రతివారికి ఏదో ఒక ఫలము చేతికి వచ్చినది.

మీ ఊరిలో ఏమి చేయవచ్చును?

మొదట గ్రామసభలో మాట వేయండి. తరువాత ఒకనాడు ఉదయము ఎగువ రైతులు, ఆయకట్టు రైతులు, గొర్రెల కాపరులు, చేపల సంఘమువారు, మహిళా సంఘమువారు, నీరటి అందరు కలిసి నీరు నడచు దారిన నడవండి. మిట్ట మీద మొదలుపెట్టి చెరువు వరకు రండి. ఎక్కడ గండి పడినది, ఎక్కడ పెంటదిబ్బ కాలువలోనికి ఒరిగినది, ఎక్కడ మందు సీసాలు పడియున్నవి – అన్నియు ఒక కాగితముపై గుర్తించండి. ఆ కాగితమే మీ పని పట్టిక.

పొలములో: దున్నుట, విత్తుట వాలునకు అడ్డముగా చేయవలెను. వాలు వెంబడి వేసిన ప్రతి చాలు వానకాలమున ఒక పిల్లకాలువ యగును. మట్టము తెలియనిచో నీరు నింపిన పారదర్శకపు గొట్టము రెండు కొసలు పట్టుకొని చూచిన చాలును. రెండు కొసలలో నీరు సమముగా నిలుచు చోట్లను గుర్తు పెట్టినచో అడ్డము గీత తెలియును. ఎర్రనేలలలో వేరుశనగ వంటి మెట్ట పైరులలో ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డు చాలు తీయవలెను. లోతైన నల్లరేగడిలో వెడల్పాటి మడులు, వాటి నడుమ కాలువలు పద్ధతి మేలు. డి.ఎ.పి.ని పైన చల్లక విత్తనముతో పాటు గొర్రుతో నేలలోనికి దింపవలెను. యూరియాను ఒకేసారి గాక దఫాలుగా, తగిన పదనులో వేసి మట్టిలో కలపవలెను. పెద్దవాన వచ్చు సూచనలున్ననాడు ఎరువు చల్లరాదు, మందు కొట్టరాదు.

గట్టున: పొలము దిగువ అంచున గడ్డిపట్టీ ఉంచవలెను. వట్టివేళ్ళ గడ్డి ఇందుకు మిక్కిలి తగినది. పిలకలను జానెడు కంటె తక్కువ ఎడముతో ఒకే వరుసలో అడ్డముగా నాటినచో రెండేండ్లలో దట్టమైన దడి యగును. దాని వేళ్ళు నిలువుగా లోతునకు పోవును గాని పొలములోనికి ప్రాకవు. నీరు దడి వెనుక కొంచెము ఆగి, మన్ను దింపి, పలుచగా దాటిపోవును. గడ్డి కోసి పశువులకు వేయదలచినవారు దీనితో పాటు మేత గడ్డి జాతులను కూడ వేసికొనవచ్చును.

ఊరిలో: పెంటదిబ్బలను కాలువలకు దూరముగా మార్చి, చుట్టును గట్టు గల గుంటలలో ఎరువు వేయవలెను. పైన తాటాకు గాని మట్టి గాని కప్పినచో వానకు సారము కొట్టుకొనిపోదు. ఇది మీ లాభమే. ఇండ్ల వాడుక నీటికి ఇంకుడు గుంటలు త్రవ్వవలెను. మరుగుదొడ్డి గుంట నీరు వీధి కాలువలో కలియరాదు. రోహిణి కార్తెలో ఒకసారి వీధులు, కాలువలు ఊడ్చి ఆ చెత్తను తీసివేయవలెను. కాలువ ప్రక్కన పోగు పెట్టినచో మొదటి వానకు తిరిగి అందులోనే పడును.

మందుల విషయమున: కలుపుటకు, కడుగుటకు చెరువునకు, బావికి దూరముగా ఒక చోటు నిర్ణయించుకొనవలెను. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ కడుగు నీటిని పిచికారిలోనే పోసి పైరుపై కొట్టవలెను. డబ్బాకు చిల్లులు పొడిచి, ఊరుమ్మడిగా ఒక చోట తాళము వేసి ఉంచి, వ్యవసాయాధికారి సలహా ప్రకారము పంపివేయవలెను. వాటిని ఇంటి వాడకమునకు ఎన్నడును తీసికొనరాదు.

చెరువు ముఖమున: ఊరి కాలువ చెరువులో కలియుటకు ముందు ఒక దిగుడు గుంట, దాని తరువాత గడ్డి, తుంగ పెరిగిన వెడల్పాటి పడక ఏర్పరచవలెను. గుంటలో దిగిన మన్నును ప్రతి పెద్దవాన తరువాత తీయవలెను. తీయని గుంట గుంట కాదు. తరువాతి వానకు అది మురికి కొట్టు. ఈ పని ఎవరిదో పేరుపేరున వ్రాసి పంచాయతీ గోడపై అంటించండి. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద చాల గ్రామములలో ఇట్టి గట్లు, కందకములు, ఇంకుడు గుంటల పనులు జరిగినవి. ఇప్పుడు ఏ పథకము క్రింద ఏ పనికి కూలి లభించునో మీ పంచాయతీలో విచారించి ముందుగానే పని పెట్టించుకొనవలెను.

వాటాల ఒప్పందము

పైన చెప్పిన పనులలో ఖర్చు ఎవరిది, ఫలము ఎవరిది అను సంగతి మొదటి సభలోనే తేల్చుకొనవలెను. ఏ ఊరికి తగిన ఏర్పాటు ఆ ఊరిదే. అయినను కొన్ని దారులు సూచింపవచ్చును. గట్లు వేసిన ఎగువ రైతులకు చెరువు ఒండ్రు మొదటి హక్కుగా ఇవ్వవచ్చును. గుట్టపై మేపు మానిన కుటుంబములకు అక్కడ పెరిగిన గడ్డి కోసికొను హక్కు ఇవ్వవచ్చును. చేపల సంఘమువారు ఒప్పుకొన్నచో రాబడిలో కొంత భాగము దిగుడు గుంటల మరమ్మతుకు తీయవచ్చును. దిగువ ఆయకట్టు రైతులు ఎగువ గట్ల పనికి ఏడాదికి రెండు దినములు మనిషిని పంపవచ్చును. పూర్వము కాలువలకు, కట్టలకు ఊరివారు ఉమ్మడిగా మరమ్మతు చేసికొను ఆచారము మనకు ఉండినదే. దానిని చెరువు కట్ట దగ్గర ఆపక, ఎగువ మిట్ట వరకు పొడిగించుటయే మనము కోరునది.

మీకు కలుగు సందేహములు

గట్లు, గుంటలు వేసినచో చెరువునకు నీరే రాదేమో యని ఆయకట్టు రైతులు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పొలములో ఎక్కువ నీరు ఇంకినచో పారు నీరు కొంత తగ్గును. వానలు తక్కువైన ఏట ఇది చెరువునకు తెలియును. ఇంకిన నీటిలో కొంత బావులకు చేరి అందరికి పనికివచ్చును గాని, చెరువు లోటు పూర్తిగా తీరునని చెప్పలేము. కావున నీటిని నిలుపు పనులు వేరు, నీటిని శుభ్రము చేయు పనులు వేరు అని గుర్తించవలెను. గడ్డిపట్టీ, అడ్డపు చాళ్ళు, కప్పిన పెంటగుంట – ఇవి నీటిని ఎక్కువగా ఆపవు, మురికిని ఆపును. వీటిని జంకులేక అంతట చేయవచ్చును. వాగులకు అడ్డముగా కట్టు పెద్ద కట్టలు, పెద్ద గుంటలు మాత్రము ఎగువ దిగువ రైతులు కలిసి కూర్చుండి లెక్క చూచికొనిన తరువాతనే వేయవలెను.

ప్రక్క రైతు చేయనిచో నేనొక్కడనే చేసి ఏమి లాభమని మరికొందరు అడుగుదురు. మీ పొలపు పై మన్ను, మీరు కొన్న ఎరువు మీ పొలములోనే నిలుచును. ఆ లాభము మీ ఒక్కరిదే. దానికి ప్రక్కవాని అనుమతి అక్కరలేదు. చెరువు బాగుపడుటకు మాత్రము అందరు కావలెను.

సీసాల పరీక్ష

చేసిన పని ఫలించినదో లేదో తెలిసికొనుటకు ఖరీదైన పరికరములు లేకయే ఒక పరీక్ష చేయవచ్చును. ఒకే కొలత గల నాలుగు తెల్ల సీసాలు తీసికొనండి. పెద్దవాన కురియుచు నీరు పారునపుడు, వాలు వెంబడి దున్నిన పొలము నుండి ఒకటి, అడ్డముగా దున్ని గడ్డిపట్టీ వేసిన పొలము నుండి ఒకటి, ఊరి కాలువ నుండి ఒకటి, చెరువు ముఖము నుండి ఒకటి నింపండి. ప్రవాహము ఉధృతముగా ఉన్నచో వాగులోనికి దిగరాదు. గట్టు నుండి ముంచిన చాలును. సీసాలపై చోటు, తేదీ వ్రాసి ఒక పగలు, ఒక రాత్రి కదల్పక ఉంచండి. అడుగున చేరిన మన్నును వేళ్ళతో కొలిచి పంచాయతీ పుస్తకములో వ్రాయండి. ఏటేటా అదే చోట్లలో, మొదటి పెద్దవాననాడే ఈ పరీక్ష చేసినచో మీ ఊరు ముందుకు పోవుచున్నదో వెనుకకు పోవుచున్నదో మీ కంటికే తెలియును. సీసా మన్నును చూపును గాని కరగిన మందును, నైట్రేటును, రోగక్రిములను చూపదు. కావున పైన తేరిన నీరు తేటగా ఉన్నదని త్రాగరాదు; త్రాగు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించవలెను.

ఎప్పుడు ఏ పని?

వేసవిలో ఒండ్రు తోలుట, గట్లు సవరించుట, పెంటగుంటలు మార్చుట చేయవలెను. మే నెల చివర రోహిణి కార్తె ప్రవేశించునాటికి నీటి దారిన నడక, వీధుల ఊడ్పు, దిగుడు గుంటల పూడికతీత ముగియవలెను. జూన్ రెండవ వారమున మృగశిరలో మొదటి వానకు సీసాల పరీక్ష చేయవలెను. తరువాత వానలు నిలకడగా పడునపుడు గడ్డి పిలకలు నాటవలెను. వానకాలమంతయు దిగుడు గుంటలను కనిపెట్టియుండవలెను. పంట ఇంటికి వచ్చిన తరువాత మరల గ్రామసభలో కూర్చుండి, ఎవరి వాటా ఎవరికి అందినదో, ఎవరికి అందలేదో మాట్లాడుకొనవలెను. అందనివారి మాట ముందుగా వినవలెను. వారు విడిచిపోయినచో పని ఆ మరుసటి ఏటనే ఆగిపోవును.

రైతు సోదరులారా! ఈ సంవత్సరము అన్నియు చేయలేకపోయినచో, నీటి దారిన ఒక నడక, ఊరి కాలువపై ఒక దిగుడు గుంట, పది మంది ఎగువ రైతుల పొలములలో అడ్డపు చాళ్ళు – ఈ మూడింటితో మొదలుపెట్టండి. ఆ పది మందికి రావలసిన వాటాను ముందే నిర్ణయించి, చెప్పిన మాట ప్రకారము ఇవ్వండి. వచ్చే ఏట పదకొండవవాడు అడుగకయే వచ్చును.